పండ్లపొడి, పేస్టు: ఎంచుకొను విధము

విత్తనములు కొనునపుడు మన రైతులు సంచిపై చీటీని రెండుమార్లు చదివించుకొందురు. మొలకశాతమెంత, గడువెప్పటికి అని అడుగుదురు. ఆ చేతులతోనే పేస్టు గొట్టమును మాత్రము రంగు చూచి, వాసన చూచి తీసికొనిపోవుదురు. నోటిలో పెట్టుకొను వస్తువునకు ఆపాటి విచారణ అక్కరలేదా?

మనము తిను బెల్లము, పంచదార, మెతుకుల శేషములను నోటిలోని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటిపై గల గట్టిపొరలోని సున్నపు లవణములను కరిగించును. చౌడుభూమిని జిప్సము వేసి బాగుచేసికొనవచ్చును గాని, ఊడిపోయిన ఆ పొర మరల పెరుగదు. పూర్తిగా పోకమునుపు మాత్రము లాలాజలములోని లవణములు కొంత తిరిగి చేరును. ఆ చేరికకు ఫ్లోరైడు తోడ్పడును. కనుక పేస్టులో చూడవలసిన మొదటి సంగతి ఇదియే. పదిలక్షల పాళ్లలో ఇంచుమించు 1000 పాళ్లు ఫ్లోరైడు గలదాని నెంచుకొనవలెను. నురుగు, ఘాటు, తీపి పంటిని కాపాడవు. గొట్టము తోకనుండు రంగుపట్టీని బట్టి సరకు గుణము తెలియునని కొందరు చెప్పుచున్నారు. అది గొట్టమును కోయు యంత్రమునకు పెట్టిన గుర్తు మాత్రమే.

ఇక బొగ్గు, ఇటుకపొడి, ఊకబూడిద. వీనిని గూర్చి మేము కొంచెము కఠినముగా చెప్పక తప్పదు. ఊకబూడిదలో అధికభాగము సిలికా, అనగా ఇసుకజాతి పదార్థము. ఆకురాయి కొడవలిని అరగదీయునట్లు అది పంటిని అరగదీయును. మొదట పండ్లు తెల్లబడినట్లే తోచును. పిదప పొర పలుచనై లోని పసుపుభాగము కనబడును, చన్నీరు తగిలిన జివ్వుమనును. వేపపుల్ల అట్టిది కాదు. కొనను మెత్తగా నమిలి కుంచెవలె చేసి, చిగురు గాయపడకుండ తోమినచో పాచి పోవును. అయితే దానివలన కావలసినంత ఫ్లోరైడు రాదు. ఉదయము పుల్ల వాడువారు రాత్రి పడుకొనబోవుముందైనను పేస్టుతో తోముకొనవలెనని మా అభిప్రాయము.

పొగాకు కలిపిన పండ్లపొడులను, పేస్టులను భారతప్రభుత్వము 1992లో నిషేధించెను. అయినను పొగాకు మసితో తోముకొనువారు పల్లెలలో ఇంకను గలరు. నొప్పి తగ్గినట్లుండుట ఆ మత్తువలననే. నోటి క్యాన్సరునకు అదియే దారి.

జివ్వుమను పండ్లకు పొటాషియం నైట్రేటు 5 శాతముగల పేస్టులున్నవి. పైరుపై పిచికారీ చేయు 13-0-45 ఎరువులోని లవణమే అది! అట్లని ఎరువుసంచి విప్పి పండ్లకు రాయరాదు సుమా; పేస్టులోనిది ప్రత్యేకముగా శుద్ధిచేసినది. గుణము కనబడుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. ఒక్క పన్నే గుచ్చినట్లు పోటు పెట్టినచో పేస్టుతో కాలయాపన చేయక వైద్యునికి చూపవలెను.

ఫ్లోరైడు నీటి గ్రామముల సంగతి వేరు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఆ నీటివలని ఎముకల వ్యాధిని వైద్యులు 1937లోనే వెల్లడించిరి. నల్లగొండ బాధ అందరెరిగినదే. అచటి పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు, పన్ను దవడలో తయారగునపుడే ఏర్పడినవి. ఏ పేస్టును వానిని తుడువజాలదు, గట్టిగా రుద్దినకొలది చెరుపే. నీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటినచోట ఆరేండ్లలోపు పిల్లలకు ఏ పేస్టు ఈయవలెనో వైద్యుని అడిగి కొనవలెను. తక్కినచోట్ల మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్లవరకు బఠాణీగింజంత చాలును. మ్రింగకుండ ఉమ్మివేయునట్లు తల్లి దగ్గర నిలిచి చూడవలెను. పెద్దలు ఉమ్మివేసిన పిదప చెంబెడు నీటితో పుక్కిలింపకున్న మేలు. పంటిపై నిలిచిన ఫ్లోరైడే పనిచేయును.