రేల, తంగేడు – మన మెట్టసీమ పసుపు పూలు

లాబర్నమ్ అంటే ఏమిటని తరగతిలో అడిగితే మన విద్యార్థులు తడుముకోకుండా 'రేలచెట్టు' అంటారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. తెల్లదొరలు ఈ దేశానికి వచ్చినప్పుడు నడి ఎండాకాలంలో పసుపుపచ్చ గుత్తులు వేలాడేసుకున్న మానును చూశారు. తమ ఊళ్ళ తోటల్లో వసంతకాలంలో పూసే లాబర్నమ్ వాళ్ళకు గుర్తుకొచ్చింది. దీన్ని 'ఇండియన్ లాబర్నమ్' అన్నారు. ఆ పేరే పుస్తకాల్లోకెక్కి కూర్చుంది. మా విడపనకల్లులో దాన్ని రేలమాను అంటారు. నాలుగడుగులు వేసి బళ్ళారి జిల్లాలోకి పోతే అదే 'కక్కె'. సంస్కృతంలో ఆరగ్వధం. ఇన్ని పేర్లు ఇంట్లో పెట్టుకొని, మనలో ఎవరూ చూడని చెట్టు పేరుతో మన చెట్టును గుర్తుపట్టడం వింతగానే ఉంది. పేరు ఏదైతే ఏమిలే అనుకోవచ్చు. కానీ ఈ పేరు వెంట కొన్ని తప్పుడు అభిప్రాయాలు కూడా వచ్చాయి. వాటిని విడదీసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లాబర్నమ్‌కు చుట్టం రేల కాదు, వేరుశనగ

అసలు లాబర్నమ్ దక్షిణ, మధ్య ఐరోపా కొండప్రాంతాల చెట్టు. అది చిక్కుడు కుటుంబానికి చెందిందే. రేల కూడా ఆ పెద్ద కుటుంబంలోనిదే. అయితే పువ్వును విప్పి చూస్తే సంగతి తేలుతుంది. లాబర్నమ్ పువ్వు సీతాకోకచిలుకలా ఉంటుంది. వెనుక నిలబడిన పెద్ద రేకు ఒకటి, పక్కల రెక్కల్లాంటి రేకులు రెండు, అడుగున పడవలా కలిసిపోయిన రేకులు రెండు. ఇలాంటి పువ్వు మనమెక్కడ చూశాం? అనంతపురం జిల్లాలో పుట్టినవాడు దీనికోసం ఐరోపాకు పోనక్కరలేదు. చేలోకి పోయి వేరుశనగ మొక్క దగ్గర కూర్చుంటే చాలు. మా నల్లరేగడి చేలల్లోని పప్పుశనగ పువ్వూ అంతే, కంది పువ్వూ అంతే. రేల పువ్వు మాత్రం అలా ఉండదు. ఐదు రేకులూ దాదాపు సమానంగా, విచ్చుకొని ఉంటాయి. అంటే పూల నిర్మాణాన్ని బట్టి లాబర్నమ్ మన వేరుశనగకు దగ్గర చుట్టం, రేలకు దూరపు చుట్టం. దొరలు రంగును చూశారు, నిర్మాణాన్ని చూడలేదు.

ఇంకో తేడా వేళ్ళలో ఉంది. వేరుశనగ, శనగ వేళ్ళకు బుడిపెలుంటాయి. వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. "చిక్కుడు జాతి మొక్కలన్నీ నత్రజనిని స్థాపిస్తాయి" అని పరీక్షల్లో రాసేవాళ్ళున్నారు. అది పూర్తి నిజం కాదు. రేల వేళ్ళకు ఆ బుడిపెలు ఉండవు.

రేల: ఆకు రాల్చి పువ్వు ఇచ్చే మాను

లిన్నేయస్ 1753లో దీనికి కాసియా ఫిస్టులా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఫిస్టులా అంటే గొట్టం. ముదిరిన రేలకాయను చూసినవారికి ఈ పేరు ఎందుకొచ్చిందో చెప్పనక్కరలేదు. మూరెడు పొడవున, నల్లగా, గుండ్రంగా వేలాడుతుంది. లోపల అడ్డగోడలు కట్టిన గదులు, గదికొక గింజ, చుట్టూ జిగురులాంటి నల్లటి గుజ్జు.

పూతకాలం చూడండి. అశ్విని కార్తె నుంచి రోహిణి కార్తె దాకా, అంటే ఏప్రిల్ నడుమ నుంచి మే చివరి దాకా, మన దగ్గర బండలు పగిలే ఎండ. ఆ రోజుల్లోనే రేల ఆకు రాల్చి, అడుగుకు పైగా పొడవున్న గుత్తులు దించుతుంది. నీళ్ళు లేనప్పుడు ఈ దుబారా ఏంటికి అనిపిస్తుంది. నిజానికది దుబారా కాదు. నీరు ఎక్కువగా ఆవిరైపోయేది ఆకుల నుంచే. ఆకు లేకపోతే ఆ ఖర్చు తగ్గుతుంది. పూతకు కావలసిన ఆహారం, ఆకులున్న రోజుల్లో తయారై కాండంలోనూ వేళ్ళలోనూ దాచి ఉంటుంది. ఆకు అడ్డం లేదు కాబట్టి పువ్వు దూరానికి కనబడుతుంది. మంచి ఏడాదిలో గాదెలో పోసుకొని చెడ్డ ఏడాదిలో తినే సంసారి పద్ధతి ఇది.

ఈ పువ్వులో తేనె లేదు. తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసం. పది కేసరాల్లో మూడు పొడుగ్గా వంకీ తిరిగి ఉంటాయి. తక్కినవి పొట్టివి. పెద్ద నల్లతుమ్మెద పొట్టి కేసరాలను కరచిపట్టుకొని ఝుమ్మని వణికిస్తే పుప్పొడి రాలుతుంది. అది దాని కూలి. అదే వణుకుకు పొడుగు కేసరాల పుప్పొడి తుమ్మెద ఒంటికి అంటుకొని ఇంకో పువ్వుకు చేరుతుంది. అది చెట్టు పని. తరగతిలో ఎంతసేపు బొమ్మ గీసినా అర్థంకానిది, పూసిన చెట్టు కింద పది నిమిషాలు నిలబడితే అర్థమవుతుంది.

తంగేడు: ఎవరూ నాటని పువ్వు

రేల మన మైదానంలో ఎక్కువగా నాటితేనే ఉంటుంది. దాని సొంత ఊరు కొండల అడవులు. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా మన రాళ్ళమిట్టల మీద పూసేది తంగేడు. దీన్నీ లిన్నేయస్ 1753లో కాసియాలోనే చేర్చి కాసియా ఆరిక్యులేటా అన్నాడు. ఆరిక్యులేటా అంటే చెవులున్నది. ఆకు మొదట్లో ఉండే పుచ్ఛాలు చెవుల్లా ఉంటాయి. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే శాస్త్రవేత్తలు పాత కాసియాను మూడుగా విభజించారు. అప్పటినుంచి రేల కాసియాగానే మిగిలింది, తంగేడు సెన్నాలో చేరింది. పాత పుస్తకాలు చదివే విద్యార్థులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. తంగేడు ఆకులో జత పత్రకాల మధ్య చిన్న గ్రంథి ఉంటుంది, రేల ఆకులో ఉండదు. తంగేడు కాయ బల్లపరుపుగా, కాగితంలా పలచగా ఉంటుంది.

మేకలూ గొర్రెలూ సామాన్యంగా తంగేడును ముట్టవు. అందుకే మేసి మేసి బోడిబడిన బీళ్ళలో కూడా అది మిగిలింది. దాని ఆకు కోసి మడిలో తొక్కి పచ్చిరొట్ట ఎరువు చేసేవారు. దాని చెక్కతో తోళ్ళు పదును పెట్టేవారు. మద్రాసు రాష్ట్రపు తోళ్ళ వ్యాపారం ఒకప్పుడు ఈ చెక్క మీదే నడిచింది. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగుమతయ్యాక దాని గిరాకీ పడిపోయింది. తెలంగాణలో బతుకమ్మకు తంగేడు లేనిదే పండగ లేదు. 2014లో అది ఆ రాష్ట్ర పుష్పమైంది. రేలకూ అలాంటి గౌరవాలున్నాయి. కేరళలో విషు పండుగనాడు కణిలో పెట్టే కొన్న పువ్వు మన రేలే. థాయిలాండ్ జాతీయ పుష్పమూ అదే. మన సీమలో మాత్రం ఈ రెండింటినీ 'ఏదో పచ్చపువ్వులే' అనేస్తున్నారు.

పువ్వు వాన చెబుతుందా?

సౌరాష్ట్ర రైతులు రేల నిండుగా పూసిన 45 రోజులకు వాన పడుతుందని నమ్ముతారు. అక్కడి వ్యవసాయ శాస్త్రవేత్తలు దీన్ని కొట్టిపారేయకుండా ఏటేటా తేదీలు రాసి పరీక్షించారు. మరి ఈ లెక్క మనకు పనికొస్తుందా? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. పాత ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలు జూన్‌లోనే వచ్చినా మనకు గట్టి వాన సెప్టెంబరులో. విడపనకల్లు రేగళ్ళలో శనగ విత్తేది అక్టోబరు పదునులో. కాబట్టి రేల మృగశిరను చెప్పినా మన విత్తనాన్ని చెప్పదు. ఒక ఊరి సామెతను ఇంకో ఊరి చేలో విత్తకూడదు. మన ఊళ్ళో ఏ చెట్టు ఎప్పుడు పూసిందో, ఏ వాన ఎప్పుడు పడిందో పదేళ్ళు రాసిపెట్టుకుంటే మన లెక్క మనకు తేలుతుంది. దీనికి నోటుబుక్కు, పెన్సిలు చాలు.

మందు, విషం

పేరు కలిస్తే ప్రమాదమూ ఉంది. అసలు లాబర్నమ్ చెట్టంతా విషమే. గింజల్లో సైటిసిన్ అనే విషపదార్థం ఉంటుంది. రేల గుజ్జు ఆయుర్వేదంలో విరేచనకారి. చరకసంహిత సూత్రస్థానంలో మూడో అధ్యాయం పేరే ఆరగ్వధీయం. అలాగని పిల్లలు కాయలు పగలగొట్టి గుజ్జు నాకడం మంచిది కాదు. ఎక్కువైతే కడుపు జారుతుంది. వైద్యుడు చెప్పిన మోతాదే మందు.

నాటేవారికి రెండు మాటలు

మన కాలేజీల్లో ఏటా వనమహోత్సవం జరుగుతుంది. ఫోటో దిగుతాం, మొక్క మరుసటి ఎండాకాలానికి కట్టెపుల్ల అవుతుంది. దోషం మొక్కది కాదు, చోటు ఎంపికది. రేలకు నీరు నిలిచే బంకనేల గిట్టదు. లోతుగా, నీరు ఇంకే నేల కావాలి, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు కావాలి. గింజ పెంకు గట్టిది. ఊరికే నాటితే మొలవడం కష్టం. గింజ అంచును కొద్దిగా అరగదీసిగాని, పొయ్యి మీద నుంచి దించిన వేడినీళ్ళు పోసి ఒక రోజు నానబెట్టిగాని నాటాలి. రాళ్ళమిట్ట ఉన్నచోట రేల కోసం పోరాడవద్దు. అక్కడ తంగేడు గింజలు చల్లితే మేకల భయమూ తక్కువ.

మూడేళ్ళ డిగ్రీ చదువులో విత్తు నాటిన విద్యార్థి తన రేల పూయగా చూసి వెళ్ళడం జరగదు. ఆ పువ్వు తర్వాత వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. అందుకే ఈ పని విద్యార్థి సంఘం చేపట్టాలని నా మనవి. సంఘంలో మనుషులు మారినా సంఘం ఉంటుంది. ఈ ఏడు నాటిన మొక్క ఏదో, ఎవరు నీళ్ళు పోస్తున్నారో ప్రతి సంవత్సర సంచికలో ఒక్క పేజీ రాయండి. చెట్టు మొదట్లో పలక కడితే దానిమీద ముందు 'రేల' అని, కింద 'కక్కె' అని, ఆ తర్వాత శాస్త్రీయనామం రాయండి. లాబర్నమ్ అని మాత్రం రాయవద్దు.