టాపెట్ల గ్యాప్ - పదిహేను థౌ లెక్క



సంచికకు ఒక వ్యాసం రాయమని అడిగినప్పుడు నాకు భయం వేసింది. కవితలు రాయడం నాకు చేతకాదు. ఉపన్యాసం అసలు రాదు. పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు చేసి, ఏలూరులో ఒక షెడ్డులో అప్రెంటిస్‌గా చేరాను. అప్పటినుంచి ఇంజన్ల మధ్యనే ఉన్నాను. కాబట్టి చేతికి వచ్చిన పని గురించే రాస్తాను. ఇందులో మీ సైన్సు పాఠం కూడా ఉంది, నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

అంబాసిడర్ కారు మీలో చిన్నవాళ్ళు ఫోటోల్లోనే చూసి ఉంటారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు తయారుచేసేవారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. మా రోజుల్లో కలెక్టరు గారికీ అదే కారు, పెళ్ళివారికీ అదే కారు. దాన్ని చూసి ఎవరూ వేగం గల బండి అనుకోరు. కానీ అందులో చాలా ఏళ్ళు వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజను ఇంగ్లండు వారి బి-సిరీస్ ఇంజను. 1955లో అక్కడ విడుదలైన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఆ ఇంజనే. దానికి రెండు కార్బొరేటర్లు పెట్టి గంటకు సుమారు 150 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తించారు. మన అంబాసిడర్‌కు ఒకటే కార్బొరేటరు. లోపల వాల్వులు నడిచే పద్ధతి మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఒకటి నేర్చుకుంటే రెండోదీ వచ్చినట్టే. ఎం.జి.ఎ. మీద చెయ్యి వేసే భాగ్యం నాకు ఇంతవరకు కలగలేదనుకోండి!

ఇక పాఠంలోకి వద్దాం. నాలుగు సిలిండర్లు, ఒక్కో దానికి రెండు వాల్వులు. ఒకటి పెట్రోలు గాలిని లోపలికి రానిస్తుంది, రెండోది కాలిన పొగను బయటికి వదులుతుంది. కింద క్యామ్ షాఫ్ట్ తిరుగుతుంటే దాని మీది గుబ్బ పుష్ రాడ్‌ను పైకి నెడుతుంది. పుష్ రాడ్ రాకర్ ఆర్మ్ ఒక కొసను లేపుతుంది. మన ఊళ్ళో పిల్లలు దూలం మీద ఎక్కి దిగే ఆట లాగా రెండో కొస కిందికి దిగి వాల్వును తెరుస్తుంది. గుబ్బ దాటిపోగానే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 1500 సార్లు తెరుచుకుంటుంది. గంట ప్రయాణంలో 90,000 సార్లు అన్నమాట.

వాల్వు మూసి ఉన్నప్పుడు రాకర్ కొసకీ వాల్వు తలకీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. దానినే షెడ్డులో టాపెట్ గ్యాప్ అంటాం. ఈ ఇంజనుకు అది 15 థౌ. అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే అందులో 15 భాగాలు, మన లెక్కలో 0.38 మిల్లీమీటరు. నోటు పుస్తకం కాగితాలు నాలుగు కలిపి పట్టుకుంటే సుమారు అంత మందం.

ఖాళీ ఎందుకు? వేడికి లోహం వ్యాకోచిస్తుందని మీరు చదివారు కదా. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 300 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. 100 × 0.000012 × 300 = 0.36 మిల్లీమీటరు. చూశారా, మన పదిహేను థౌకు ఎంత దగ్గరగా వచ్చిందో! నిజానికి హెడ్డు, బ్లాకు కూడా వేడికి పెరుగుతాయి కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు. కానీ ఖాళీ లేకపోతే వాల్వు పెరగడానికి చోటు ఉండదని అర్థమవుతుంది. చోటు లేకపోతే పెరిగిన వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోలేదు.

నేను తప్పు చేసింది ఇక్కడే.

1998 వేసవి, పెళ్ళిళ్ళ రోజులు. కొల్లేటి లంక గ్రామం నుంచి ఒకాయన తన అంబాసిడర్ తెచ్చాడు. ఆ కిరాయి మీదే ఆయన ఇల్లు గడవాలి. "టాపెట్లు టకటకా కొడుతున్నాయిరా అబ్బాయ్, పెళ్ళివారు ఎక్కితే పరువు పోతోంది" అన్నాడు. మేస్త్రి గారు సామాన్లకు బజారు వెళ్ళారు. నాకు అప్పటికి పని వచ్చేసిందని గట్టి నమ్మకం. "కూర్చో బాబాయ్, పావుగంటలో చేసేస్తా" అన్నాను. ఇంజను నడుస్తుండగానే కవరు తీసి, ఫీలర్ గేజ్ జోలికి పోకుండా, చప్పుడు పోయేదాకా ఒక్కో స్క్రూ బిగించుకుంటూ పోయాను. ఇంజను కుట్టు మిషను లాగా మెత్తగా నడిచింది. ఆయన సంతోషపడి నా చేతిలో ఇరవై రూపాయలు పెట్టాడు. ఆ రాత్రి స్నేహితులతో సినిమాకి వెళ్ళాను.

మూడు వారాల తర్వాత పెళ్ళికొడుకును ఎక్కించుకుని తాడేపల్లిగూడెం వెళుతూ మన గుండుగొలను దగ్గర హైవే మీద బండి మిస్సింగ్ మొదలుపెట్టింది. ఎంత తొక్కినా లాగలేదట. ముహూర్తం దాటిపోతుందని పెళ్ళికొడుకును బాసికంతో సహా దారిన పోయే బస్సు ఎక్కించారు. మర్నాడు బండిని తాడు కట్టి షెడ్డుకు తెచ్చారు.

హెడ్డు దించి చూస్తే మూడో సిలిండరు పొగ వాల్వు అంచు ఒక చోట పురుగు కొరికిన ఆకులా కాలిపోయి ఉంది. పొగ వాల్వుకు దాదాపు 700 డిగ్రీల వరకు వేడి తగులుతుంది. తిరిగే కాలంలో మూడింట రెండు వంతులు అది మూసుకునే ఉండాలి. సీటుకు ఆనుకుని ఉన్న ఆ సమయంలోనే దాని వేడిలో ఎక్కువ భాగం హెడ్డులోకి, అక్కడినుంచి నీళ్ళలోకి పోతుంది. నేను ఖాళీ లేకుండా బిగించాను. హైవే మీద లోడుతో వెళ్ళేసరికి వాల్వు ఇంకా పెరిగి, సీటు మీద ఆనలేదు. ఆ సన్నని సందులోంచి మంట దూసుకుపోయింది. అందులోనూ ఈ ఇంజనులో 4, 5 నంబర్ల పొగ వాల్వులు రెండూ పక్కపక్కనే ఉండి ఒకే దారిలో పొగ వదులుతాయి. అక్కడ వేడి ఎక్కువ. కాలింది ఆ 5వ నంబరే.

మేస్త్రి గారు తిట్టలేదు. "గేజ్ పెట్టావా?" అని ఒక్క మాట అడిగారు. "లేదండీ" అన్నాను. కొత్త వాల్వు ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. కూలి తీసుకోలేదు. కానీ బండి తొమ్మిది రోజులు షెడ్డులో ఉంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ తొమ్మిది రోజుల కిరాయి ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. నాకు స్టైపెండే గాని ఇవ్వడానికి ఏమీ లేదు. చాలా కాలం ఆయన తన బండి బానెట్ మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఇప్పుడు పని ఎలా చెయ్యాలో చెబుతాను. ఈ ఇంజనుకు వేడి మీద గ్యాప్ చూడాలి. కాసేపు నడిపి, ఆపి, ప్లగ్గులు నాలుగూ విప్పెయ్యాలి. అప్పుడు స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. టాపెట్ కవరు తీస్తే ఎనిమిది వాల్వులు వరుసగా కనిపిస్తాయి. రేడియేటరు వైపు నుంచి 1, 2, 3 అని లెక్కపెట్టుకోవాలి. 1, 4, 5, 8 పొగవి. మిగిలినవి గాలివి.

ఏ వాల్వు సరిచేస్తున్నామో దాని క్యామ్ గుబ్బ పూర్తిగా అవతలికి తిరిగి ఉండాలి. అది కంటికి కనబడదు. దానికి ఒక చక్కని కిటుకు ఉంది, తొమ్మిది లెక్క. పూర్తిగా తెరుచుకున్న వాల్వు నంబరును 9లోంచి తీసివెయ్యండి. మిగిలిన నంబరు వాల్వును సరిచెయ్యండి. 8 తెరుచుకుంటే 1, 6 తెరుచుకుంటే 3, తర్వాత 4కు 5, 7కు 2, 1కి 8, 3కు 6, 5కు 4, 2కు 7. ఈ వరుసలో పోతే హ్యాండిల్ రెండు చుట్లలో పని అయిపోతుంది. 1, 4 సిలిండర్ల పిస్టన్లు కలిసి పైకి వస్తాయి, 2, 3వి కలిసి వస్తాయి. జంటలో ఒకటి పొగ వదులుతుంటే రెండోది గాలిని నొక్కుతుంటుంది. నొక్కే సిలిండరులో రెండు వాల్వులూ మూసి ఉంటాయి. అందుకే ఈ తొమ్మిది కుదిరింది. లెక్కల మాస్టారికి చూపించండి, ఆయనకూ నచ్చుతుంది.

పానాతో లాక్ నట్ వదులు చేసి, 15 థౌ గేజ్ రేకును సందులో పెట్టి, స్క్రూ తిప్పాలి. రేకు లాగితే కొంచెం పట్టినట్టు రావాలి, ఇరుక్కోకూడదు. స్క్రూను కదలకుండా పట్టుకుని నట్ బిగించాక మళ్ళీ రేకు పెట్టి చూడాలి. బిగించేటప్పుడు గ్యాప్ మారిపోతుంది. కొత్తవాళ్ళందరూ ఈ రెండోసారి చూడటమే ఎగ్గొడతారు.

ఇంకో మోసం ఉంది. పాత బండిలో రాకర్ కొస అరిగి చిన్న గుంట పడుతుంది. రేకు తిన్నగా ఉంటుంది కాబట్టి ఆ గుంట మీద వంతెన లాగా నిలబడుతుంది. రేకు సరిగ్గానే ఉందంటుంది, అసలు ఖాళీ ఎక్కువ ఉంటుంది, చప్పుడు పోదు. ఆ బాబాయ్ బండిలో జరిగింది అదేనని తర్వాత తెలిసింది. రాకర్లు మార్చాల్సింది పోయి నేను స్క్రూలు బిగించాను. ఖాళీ మరీ ఎక్కువైనా మంచిది కాదు. వాల్వు ఆలస్యంగా, తక్కువగా తెరుచుకుని పికప్ పడిపోతుంది. కానీ చప్పుడు చేసే వాల్వు మనల్ని పిలిచి చెబుతుంది. బిగిసిపోయిన వాల్వు ఏమీ చెప్పదు.

ఇప్పటి కార్లు చాలావాటిలో నూనె ఒత్తిడితో గ్యాప్ దానంతట అదే సర్దుకుంటుంది. అయినా స్క్రూ, లాక్ నట్ ఉన్న మోటారు సైకిళ్ళు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి. కొల్లేరు చెరువుల గట్ల మీద నీళ్ళు తోడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్లకూ ఇదే పని. గ్యాప్ కొలత మాత్రం ఒక్కో ఇంజనుకు ఒక్కోలా ఉంటుంది, కొన్నింటికి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కంపెనీ పుస్తకం చూడకుండా పదిహేను థౌ అన్నింటికీ పెట్టకండి.

ఆ కాలిన వాల్వును మేస్త్రి గారు నాకే ఇచ్చారు. ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది. వార్షికోత్సవం రోజు దాన్నీ, రాకర్లతో సహా ఒక పాత హెడ్డునూ, రెండు గేజ్‌లనూ తెస్తున్నాను. భోజనాలయ్యాక సైకిల్ స్టాండు దగ్గర ఉంటాను. రావాలనుకున్నవాళ్ళు పాత చొక్కా వేసుకుని రండి.