గూడ్సు బండిని చిన్నచూపు చూడనివ్వకండి

మూడు, నాలుగేళ్ళ పిల్లలున్న ఇళ్ళలో థామస్ అనే నీలం ఇంజను ఇంటి మనిషైపోయింది. ముద్ద నోట్లోకి పోవాలన్నా, ఏడుపు ఆగాలన్నా ఫోన్లో థామస్ రావాలి. ఆదోనిలో స్టేషన్ చుట్టుపక్కల ఉండే పిల్లలకు నిజం రైళ్ళు కూడా కనబడతాయి కాబట్టి కొంత నయం. ఎమ్మిగనూరుకు రైలు మార్గమే లేదు. సుమారు 30 కిలోమీటర్లు బస్సులో ఆదోనికి వస్తే తప్ప అక్కడి పిల్లలు పట్టాలు చూడలేరు. రైలంటే ఏమిటో వాళ్ళు మొదట నేర్చుకునేది ఆ బొమ్మల కథలోనే. ఆ కథ పైకి రైళ్ళ గురించే అయినా, ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరిని చూసి ఎవరు నవ్వొచ్చు అన్న లెక్క కూడా అందులో ఉంది. అందుకే తల్లిదండ్రులు ఒక పూట పిల్లల పక్కన కూర్చుని దాన్ని చూడాలని నా మనవి.

ఈ కథలు అల్లింది ఇంగ్లండులో ఒక చర్చి మతగురువు, విల్బర్ట్ ఆడ్రీ. కొడుకు క్రిస్టఫర్ తట్టు పోసి మంచం పట్టినప్పుడు వాడికి పొద్దుపోవడానికి చెప్పిన కథలు 1945లో పుస్తకమయ్యాయి. మరుసటేడు వచ్చిన రెండో పుస్తకంలో థామస్ పుట్టాడు. 1984లో టీవీకెక్కి దేశాలన్నీ తిరిగాడు. ఆ కాలపు ఇంగ్లండులో మనుషుల మధ్య ఉన్న అంతరాలు ఆ పట్టాల మీదికి కూడా వచ్చేశాయి. అందరికంటే పైన పొడుగు టోపీ పెట్టుకున్న లావుపాటి దొర, సర్ టాపమ్ హాట్. ఆయన కింద ఎక్స్‌ప్రెస్ లాగే గోర్డన్. తన ఎర్రరంగు చూసుకుని మురిసిపోయే జేమ్స్. చిన్నాచితకా పనులకు పెర్సీ. వీళ్ళ వెనక ప్రయాణికుల పెట్టెలు, అన్నిటికంటే అడుగున గూడ్సు వ్యాగన్లు. ఇంజన్లకు పేరుంది, నంబరుంది, ఒక్కొక్కరికి ఒక్కో గుణముంది. వ్యాగన్లకు చాలావరకు పేర్లే లేవు. మొహాలు ఉన్నాయి గానీ అవీ దాదాపు అన్నీ ఒకే పోలిక. అందరినీ కలిపి అల్లరి మూక అనేస్తారు.

పిల్లవాడికి ఇంగ్లీషు రాకపోయినా, హిందీ రాకపోయినా ఈ వరుస పట్టుబడుతుంది. మాటలతో పనిలేదు, ఆ బొమ్మల కళ్ళు చాలు. గోర్డన్ కళ్ళు పైకి తిప్పాడంటే ఎదుటివాడు తక్కువవాడని వాడికి తెలిసిపోయినట్లే.

ఎమ్మిగనూరులో ఒక నేత ఇంట్లో నేను చూసింది చెబుతాను. తల్లి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నాలుగేళ్ళ కొడుకు ఆ కండెల్ని నేల మీద వరుసగా పేర్చి రైలు చేశాడు. నీలం నూలు కండె అన్నిటికంటే ముందు, దాని వెనక ఎర్రది, ఆ వెనక పసుపుది. నూలు అయిపోయిన ఖాళీ కండెలన్నీ చివర. కాసేపు నడిపాడు. తరువాత ఆ ఖాళీవాటిని ఒక్కొక్కటే వేలితో కొట్టి పడేస్తూ, "గూడ్సు, చెడ్డ గూడ్సు" అన్నాడు. తల్లి నవ్వి వాటిని ఏరుకుని మళ్ళీ నూలు చుట్టడానికి ఒళ్ళో వేసుకుంది.

వాడి ఆటలో తప్పేమీ లేదు. కానీ ఆ తల్లి చేతిలోనే వాడికి చెప్పాల్సిన సంగతి ఉంది. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ళను కూడగట్టి సహకార సంఘం పెట్టాక ఎమ్మిగనూరు నేతకు దూరదూరాల పేరొచ్చింది. ఆ పేరు మగ్గం మీద కూర్చున్నవాళ్ళది మాత్రమే కాదు. కండె చుట్టి ఇవ్వకపోతే నాడెలో పేక లేదు, మగ్గం ఆగిపోతుంది. ఆ చుట్టేది ఇంట్లో ఆడవాళ్ళు, చూపు ఆనని అవ్వలు. చాలా ఇళ్ళలో నేతగాడెవరంటే మగవాడి పేరే చెబుతారు, కండెలు చుట్టిన మనిషి పేరు ఎవరూ అడగరు. "ఈ ఖాళీ కండె లేకుంటే రేపు నాయన మగ్గం నడవదు నాయనా" అని ఆ ఆట మధ్యలోనే ఒక్క మాట అంటే చాలు. పిల్లవాడు ఆ ఖాళీ కండెను తీసి రైలుకు ముందు పెట్టినా పెడతాడు.

ఈ సీరియల్ చూడనివ్వొద్దని నేననను. ఆడ్రీ గర్విష్ఠుల పక్షం వహించలేదు. గూడ్సు లాగడం తన స్థాయికి తక్కువని గొణిగిన గోర్డన్ కొండ మీద నిలిచిపోతాడు. ముందు రోజుల్లో అందరూ ఎగతాళి చేసిన ఎడ్వర్డ్ అనే ఇంజనే వచ్చి వెనక నుంచి నెట్టి ఎక్కిస్తాడు. ఎక్కాక గోర్డన్ కృతజ్ఞత కూడా చెప్పకుండా పరుగెత్తుతాడు. సరిగ్గా అక్కడ వీడియో ఆపండి. "నువ్వు గోర్డన్ అయితే ఏం చెప్పేవాడివి?" అని అడగండి. పిల్లలు చెప్పే జవాబులు మనం ఊహించలేం. ఒకరు "సారీ" అంటారు, ఒకరు "నేను ఎడ్వర్డునే అవుతా" అంటారు. ఏదన్నా సరే, దిద్దకండి, వినండి.

ఆదోనిలో ఉన్నవాళ్ళకు ఇంకో వసతి ఉంది. మద్రాసు వైపు లైను, బొంబాయి వైపు లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి, ఆ దారిలోది మన స్టేషన్. ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు గూడ్సు పక్క లైనులో ఆగి ఉండడం పిల్లలు చూస్తూనే ఉంటారు. "అది ఎందుకు ఆగింది?" అని అడుగుతారు. "గూడ్సు కదా, దానికేం తొందర" అని మనం అనేస్తాం. ఆ జవాబు వద్దు. మనుషులు కూర్చున్న బండి ముందు పోవాలని అది దారి ఇచ్చిందని చెప్పండి. అంతటితో ఆగకుండా ఇంకో నిజం కూడా చెప్పండి. మన రైల్వే రాబడిలో సుమారు మూడింట రెండు వంతులు సరుకు రవాణాదే. టిక్కెట్ల మీద వచ్చే లోటు పూడేది కూడా ఆ డబ్బుతోనే. మనం తక్కువ చార్జీతో గుంతకల్లుకో బెంగళూరుకో పోగలుగుతున్నామంటే, పక్క లైనులో ఆగిన ఆ బండి చలవ అందులో ఉంది. ఆరేడేళ్ళ పిల్లలకు ఈ లెక్క బాగా ఎక్కుతుంది.

అయితే మనం ఎంత చెప్పినా, పిల్లలు వరుసలు నేర్చుకునేది మనం ఎదుటివాళ్ళతో మాట్లాడే తీరు నుంచే. ఆదోని పత్తి మార్కెట్ రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. సీజన్లో ఆ దారిన బండి మీద పోతుంటే ముందు ట్యాంకు మీద కూర్చున్న పాప అన్నీ వింటుంది. మూట మోస్తూ అడ్డమొచ్చిన హమాలీని నాయన "ఏయ్, కనబడదా, తప్పుకో" అంటాడు. పది అడుగుల తరువాత కారులోంచి దిగిన షావుకారు ఎదురైతే "నమస్తే అన్నా, బాగుండారా?" అంటాడు. రెండు గొంతులూ ఒకే మనిషివి. థామస్ కథలో ఇంజన్లు దొరతో ఒకలా, వ్యాగన్లతో ఒకలా మాట్లాడడం ఆ పాపకు ఇప్పుడు వింతగా అనిపించదు. ఆటోవాళ్ళను "ఏయ్ ఆటో" అని పిలవడం, ఇంట్లో పనిచేసే ఆమెను పేరు లేకుండా "పనామె" అనడం ఇవన్నీ ఆ కోవలోవే. "అన్నా", "అక్కా", "చాచా" అనడానికి మనకు ఖర్చేమీ కాదు. ఈ ఊళ్ళలో ఆ పిలుపులు కొత్తవీ కావు.

బడిలో ఈ వరుస ఎక్కడ గుచ్చుకుంటుందో చూడండి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు పల్లెల్లో వానలు మోసం చేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరు కట్టడం పనులకు. చూసుకునేవాళ్ళు లేక పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతారు. నెలల తరువాత తిరిగొచ్చిన పిల్లవాడికి పాఠం అందదు. క్లాసులో "వాడు సుగ్గోడు" అనే పేరు పడుతుంది. మీ అబ్బాయి ఇంటికొచ్చి ఆ మాట అంటే తిట్టి వదిలెయ్యకండి. ఆ పిల్లవాడు జనరల్ బోగీలో ఎంత దూరం పోయి వచ్చాడో, ఏ స్టేషన్లు చూశాడో, మిరప చేలో కళ్ళు మండితే ఏం చేస్తారో అడిగి రమ్మనండి. రైళ్ళ గురించి మీ అబ్బాయి ఫోన్లో చూసినదానికంటే వాడికి ఎక్కువ తెలుసు. వీలైతే ఒక ఆదివారం వాడిని మీ ఇంటికి అన్నానికి పిలవండి, మీ పిల్లల పక్కనే, అదే పళ్ళెంలో ఉగ్గాని పెట్టండి.

డీజిల్ ఇంజన్ల సంగతి కూడా చెప్పాలి. ఈ కథల్లో అవి ఎక్కువగా మోసగాళ్ళు. 1955లో బ్రిటిష్ రైల్వే ఆవిరి ఇంజన్లను తీసేసి డీజిల్, కరెంటు బండ్లు తేవాలని నిర్ణయించింది. ఆవిరి బండ్లంటే ప్రాణమిచ్చే ఆడ్రీకి అది మింగుడుపడలేదు. 1958లో ఆయన కథలోకి వచ్చిన డీజిల్ వచ్చీరాగానే చాడీలు మోస్తాడు. ఆయన బాధ అర్థం చేసుకోవచ్చు. పిల్లవాడికి మాత్రం మిగిలేది ఒకటే, ఫలానా జాతిలో పుడితే చెడ్డవాడని. మన దగ్గరలో గుత్తి డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరైన తాతలు ఉన్నారు, ఆ ఇంజన్లను వాళ్ళు ఎంత ప్రేమగా చూసుకున్నారో వాళ్ళ చేతే చెప్పించండి. ఇంకా ముఖ్యం, ఇంటికి కొత్త స్నేహితుడు వస్తే వాడు వినేలా "వాళ్ళేమోళ్ళు?" అని అడగడం మానండి. కులం పిల్లలకు పుట్టుకతో తెలియదు, మన ప్రశ్నలతోనే తెలుస్తుంది.

ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇంకొకటి గమనించాలి. పాత కథల్లో ఇంజన్లు దాదాపు అన్నీ మగవే, వాటి వెనక పోయే ఆనీ, క్లారాబెల్ పెట్టెలు ఆడవి. 2016 సినిమాలో మన దేశం నుంచి ఆషిమా అనే ఇంజను వచ్చింది. 2018లో నియా, రెబెక్కా ముఖ్యమైన జట్టులో చేరాయి. పాపకు చూపించేటప్పుడు ఆ కథలు ఎంచుకోండి.

హెన్రీ అనే ఇంజను కథ మాత్రం చిన్నపిల్లలకు ఒంటరిగా చూపించకండి. వానకు తన రంగు పాడవుతుందని సొరంగంలోంచి బయటికి రానన్నందుకు దొర పట్టాలు పీకించి, ఆ సొరంగానికి గోడ కట్టించేస్తాడు. తరువాత గోర్డన్ చెడిపోయినప్పుడే హెన్రీకి విడుదల. ఆ కథ చూసి పిల్లలు నిజంగా భయపడతారు, భయపడాలి కూడా. మాట వినలేదని పిల్లల్ని స్నానాల గదిలో పెట్టి గొళ్ళెం వేసే ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మనసును హింసించడాన్నీ నిషేధించింది. బడిలో తప్పైంది ఇంట్లో ఎలా ఒప్పవుతుంది? పనికి అవసరం పడ్డప్పుడే హెన్రీని బయటికి తీయడం నాకు అంతకంటే కష్టంగా అనిపిస్తుంది. ఆ లోకంలో అన్నిటికంటే పెద్ద మెచ్చుకోలు "ఎంతో పనికొచ్చే ఇంజను" అన్నది, పనికిరాని ఇంజనుకు తుక్కు కింద పోతానన్న భయం. మార్కులు తగ్గిన రోజు మన పిల్లల మనసులో ఆ భయమే ఉంటుంది. ఆ రోజు వాళ్ళను మామూలుకంటే ఇంకాస్త దగ్గరికి తీసుకోండి. కండెలు చుట్టలేక మంచం పట్టిన అవ్వ దగ్గర కూడా పిల్లల్ని రోజూ కాసేపు కూర్చోబెట్టండి.

ఎమ్మిగనూరు వాళ్ళు ఒక ఆదివారం పిల్లల్ని బస్సెక్కించి ఆదోనికి తీసుకురండి. ప్లాట్‌ఫారం టిక్కెట్టు తీసుకోండి, పట్టాల మీదికి దిగనివ్వకండి. గూడ్సు బండి వచ్చినప్పుడు ఇంజను పోయాక వెళ్ళిపోకుండా చివరి వ్యాగను దాకా లెక్కపెట్టించండి. ఆ చివర జెండా పట్టుకుని నిలబడే ట్రైన్ మేనేజరుకు చెయ్యి ఊపమనండి. పట్టాల వెంట సుత్తి భుజాన వేసుకుని నడిచే కీమ్యాన్ కనబడితే చూపించండి. తన బీటు పొడవునా నడిచి బిగింపులు ఊడలేదని ఆయన చూసుకుంటేనే ఎక్స్‌ప్రెస్ ఆ వేగంతో పోగలదు.