శిలయైన రాజకుమారుడు: కథయందును క్రీడయందును కర్త

మాయచే మానవుడు శిలగా మారుట జానపద కథలలో సుపరిచితమైన అంశము. మన బాలనాగమ్మ కథలో మాయల మరాఠి కార్యవర్ధిరాజును శిలగా మార్చును. అతని కుమారుడు బాలవర్ధి సముద్రములు దాటి, మరాఠి ప్రాణమున్న చిలుకను తెచ్చి తల్లిదండ్రులను విడిపించును. 1942లో వెలువడిన జెమినీ వారి చలనచిత్రము ఈ కథకు విశేష వ్యాప్తి కలిగించినది.

ఈ అంశమే జపానునందు నిప్పన్ ఇచి సంస్థ 1998లో ప్లేస్టేషన్ ఆటయంత్రమునకై రూపొందించిన పాత్రధారణ క్రీడయందును కానవచ్చుచున్నది. అది 2000లో 'రాప్సొడీ' అను పేర ఆంగ్లమున వెలువడినది. మార్జొలీ అను మంత్రగత్తె రాజకుమారుడైన ఫెర్డినాండును నిద్రపుచ్చబోయి, మంత్రము తప్పి శిలగా మార్చును. అతనిని విడిపింప బయలుదేరునది కార్నెట్ అను బాలిక. ఆ కాలపు ఇట్టి క్రీడలలో ఖడ్గధారియైన యువకుడు నాయకుడగుట పరిపాటి. కార్నెట్ సాధనములు వేరు: ఆమె బొమ్మలతో మాటలాడగలదు, ఆమె బూర ఊదగా వానికి బలము హెచ్చును. ముఖ్య ఘట్టములు పాటలతో నడచును.

ఈ రెంటికిని జన్యజనక సంబంధము కలదని చెప్పుట మా ఉద్దేశము కాదు. భేదమే గమనింపదగినది. మన కథలో విమోచన కార్యము కుమారునిది, క్రీడలో బాలికది. మరియు కథ "దాటెను, తెచ్చెను" అని ప్రథమపురుషమున సాగును. క్రీడయో ఆడువారిని "నీవిప్పుడేమి చేయుదువు?" అని అడుగును. ప్రత్యుత్తరము ఉత్తమపురుషమున రావలెను.

అండమాన్ నికోబార్ ద్వీపములలోని తెలుగు బోధనకు ఈ భేదము ఉపకరింపగలదు. 2011 జనగణన ప్రకారము అచ్చట నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. వీరిలో పలువురి పూర్వులు శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరములనుండి వెళ్లినవారు. బహుభాషలవారి నడుమ వీధిలో వ్యవహారము హిందీలో జరుగును. ఇట్టిచోట ఇంటిభాష వినుటకే పరిమితమగు ప్రమాదము కలదు.

కావున ఉపాధ్యాయుడు బాలనాగమ్మ కథను రాజు శిలయగు ఘట్టము వరకు చెప్పి ఆపవలెను. బాలవర్ధికి బదులు కుమార్తెను నిలిపి, "సముద్రమెట్లు దాటుదువు? చిలుకనెట్లు పట్టుదువు?" అని పిల్లలను వరుసగా అడుగవలెను. ఇందులకు యంత్రముతో పనిలేదు. ద్వీపబాలిక సముద్రమును ప్రత్యక్షముగా ఎరుగును. పడవను, అలను, గాలిని గూర్చి ఆమెకు చెప్పదగినది కలదు. దానిని తెలుగున చెప్పవలసిన సందర్భమును కల్పించుటయే పాఠము చేయవలసిన పని.