పాటల ప్లేట్లు కొనదలచిన చిరంజీవికి



వినైల్ రికార్డు అని ఈనాటి యువతరం పిలిచే వస్తువును తెలుగు ఇళ్ళలో వెనుకటివారు గ్రామఫోను ప్లేటు అనేవారు. అయితే ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు జాతుల ప్లేట్లు చెలామణి అయ్యాయన్న సంగతి కొనేవారికి మొదటే తెలిసి ఉండాలి. లక్క ప్రధానంగా కలిపి చేసి, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు బరువుగా, పెళుసుగా ఉంటుంది. 10 అంగుళాల ప్లేటు మీద ఒక్కొక్క వైపున మూడు నిమిషాల పాట మాత్రమే పడుతుంది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ వెలువరించిన ఎల్‌పీ, వినైల్ అనే ప్లాస్టిక్కుతో తయారై, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ, వైపుకు ఇరవై నిమిషాలకు పైగా వినిపిస్తుంది. 78 ప్లేటు గాడి వెడల్పు కనుక దానికి లావుపాటి ముల్లు, ఎల్‌పీకి సన్నని ముల్లు కావాలి. ఒకదాని ముల్లును మరొకదానిపై మోపితే పాట చక్కగా పలకదు, గాడి కూడా చెడుతుంది.

పాత ప్లేట్లు ఎక్కువగా పాత ఇళ్ళు ఖాళీ అయినప్పుడే బయటికి వస్తాయి కాబట్టి, హైదరాబాదు శివారున చిరంజీవి ఉంటున్న, నిన్న మొన్న కాలనీలు లేచిన బహదూర్‌పల్లి, కొంపల్లి పరిసరాలలో వాటిని వెదకడం వృథా ప్రయాస. సూరారం, షాపూర్‌నగర్, బాలానగర్ మీదుగా వెళ్తే ఎర్రగడ్డలో ఆదివారం నాడు పాత సామాన్ల అంగడి జరుగుతుంది. ఉర్దూలో గురువారానికి జుమ్మేరాత్ అని పేరు కనుక ఆ రోజున సాగే జుమ్మేరాత్ బజార్ పాతబస్తీ వైపున, పురానాపూల్ దగ్గర ఉంది. ఆబిడ్స్ కాలిబాటల మీది ఆదివారపు పాత పుస్తకాల నడుమ కూడా ఎప్పుడైనా ఒక కట్ట కనిపించవచ్చు. ఈ మూడింటిలో ఏదీ ప్లేట్ల దుకాణం కాదు గనుక, ఒక్కసారి వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వచ్చినంత మాత్రాన అక్కడ సరుకు లేదని తీర్మానించరాదు. పాత సామాన్లు కొనే మనిషికి ముఖపరిచయమై, ప్లేట్లు వస్తే పక్కన పెట్టమని చెప్పుకోగలిగిన నాడే ఆ చోటు మంచి చోటు అవుతుంది.

హైదరాబాదులో ఏమి దొరుకుతుందన్నది నగర చరిత్ర మీద ఆధారపడిన విషయం. 1948 వరకు నిజాం రాజధానిగా ఉన్న ఈ ఊరి ఇళ్ళలో గజళ్ళు, ఖవ్వాలీలు, హిందీ సినిమా పాటలు ఎక్కువగా పోగుపడడం సహజం. తెలుగు పాట ఆ కాలంలో ఎక్కువగా మద్రాసులోనే ప్లేటుకెక్కింది, ఎ.వి. మెయ్యప్పన్ భాగస్వామిగా 1930లలో నడిచిన సరస్వతీ స్టోర్స్ ప్లేట్ల వ్యాపారం అక్కడిదే, పాత ప్లేట్లకు నెలవై 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్ అక్కడిదే, 40,000కు మించిన 78 ప్లేట్లను కూడబెట్టిన వి.ఎ.కె. రంగారావు నివాసమూ అక్కడే. అందుచేత తెలుగు ప్లేట్లు కావాలనుకునే చిరంజీవి చెన్నై, విజయవాడ, రాజమహేంద్రవరం వంటి ఊళ్ళకు పెళ్ళికో పండుగకో వెళ్ళినప్పుడు బంధువుల ఇళ్ళ అటకల గురించి అడగడం మానకూడదు. అంగడిలో బేరమాడి కొన్నదాని కంటె అటక మీద అట్టతో సహా భద్రంగా ఉన్నది చాలాసార్లు మేలైనది.

ఇక నాణ్యత. అమ్మేవాడు ప్లేటును అట్టలోంచి తీసి వెలుతురులో ఏటవాలుగా చూసుకోనిచ్చే చోటే కొనడానికి తగిన చోటు. అలా చూసినప్పుడు గాడులకు అడ్డంగా గోటికి తగిలే గీత ఉంటే పాట అక్కడ టక్కుమంటుంది. నడిమి రంధ్రం చుట్టూ కాగితం మీద సన్నని గీకుళ్ళు దట్టంగా ఉంటే ఆ ప్లేటు చాలాసార్లు తిరిగిందని అర్థం. బల్ల మీద పెట్టినప్పుడు అంచు లేస్తే వంగిపోయినట్టు. ఘంటసాల చివరి కాలంలో పాడిన భగవద్గీత ఎల్‌పీ ఎన్నో ఇళ్ళకు చేరినది కనుక గీతలు పడ్డ ప్రతికి పెద్ద ధర ఇవ్వనక్కర లేదు, శుభ్రమైన ప్రతి కోసం ఆగవచ్చు. కానీ కపిలవాయి రామనాథశాస్త్రి నాటక పద్యాల 78 ప్లేటు కనబడితే లెక్క మారుతుంది: ఆ తరం రంగస్థల గాత్రం నిలిచింది ఇంచుమించు ఆ లక్క బిళ్ళల మీదే కాబట్టి, గరగర ఎంత ఉన్నా, అంచు పెచ్చులూడినా దానిని అక్కడ వదిలి రాకూడదు.

ఆ తరువాత యంత్రం. పాత వస్తువుల కొట్లలో తళతళలాడే ఇత్తడి బాకాతో అమ్మే గ్రామఫోన్లలో అనేకం విడిభాగాలతో ఇటీవల బిగించినవే. వాటి బరువైన చేతికి ఉన్న ఉక్కు ముల్లు ఎల్‌పీని ఒక్కసారికే పాడుచేస్తుంది. 78, 33⅓ అనే రెండు వేగాలూ గల టర్న్‌టేబుల్, అంటే ప్లేటును విద్యుత్తుతో తిప్పే యంత్రం, దానికి రెండు రకాల ముళ్ళు సమకూర్చుకున్నాకే కొనుగోళ్ళు మొదలుపెట్టడం మంచిది. 78 ప్లేటును స్పిరిట్‌తో తుడవరాదు, లక్క అందులో కరిగిపోతుంది. ఎర్రగడ్డ నుంచి బహదూర్‌పల్లికి ఎండాకాలపు మధ్యాహ్నం తిరుగు ప్రయాణమైతే వినైల్ ప్లేట్లను మూసిన కారులో వదిలి భోజనానికి దిగకూడదు, ఒకదానిపై ఒకటి పేర్చకూడదు. అట్టపెట్టెలో నిలువుగా నిలిపి, 78 ప్లేట్ల మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, ఇల్లు చేరగానే లోపలికి తీసుకురావాలి.