ఓడ వస్తేనే జీతాలు

మాధవీ,

స్పెయిన్ రాజు అంత దూరాన ఉన్న ఫిలిప్పీన్స్‌ను ఎలా ఏలాడని నీ వ్యాసం కోసం అడిగావు. ఫర్మానాలు తరవాత చదువుదువు గానీ, ముందు మనీలా సిపాయికి జీతం ఎక్కణ్నుంచి వచ్చిందో చూడమ్మా. అది మెక్సికో నుంచి వచ్చింది. గవర్నరు కూడా మెక్సికో వైస్రాయి కిందివాడే.

1565లో ఉర్దనేతా అనే మతగురువు పసిఫిక్‌లో ఉత్తరంగా వెళ్లి, పడమటి గాలులు అందుకుని మెక్సికో చేరే దారి చూపించాడు. అప్పటినుంచి 1815 దాకా మనీలాకూ మెక్సికో రేవు అకపుల్కోకూ మధ్య గాలియన్ ఓడలు తిరిగాయి, మామూలుగా ఏడాదికి ఒకటో రెండో. చైనా పట్టు, పింగాణీ, మన కోరమండల్ తీరపు నూలుబట్టలు అటు వెళ్లేవి. వెండి ఇటు వచ్చేది. ఖజానా లోటు పూడ్చే ప్రభుత్వ సొమ్మూ ఆ ఓడలోనే వచ్చేది. 1638లో 'కాన్సెప్సియోన్' అనే గాలియన్ సైపాన్ దీవి దగ్గర పగిలిపోయింది. అలాంటి ఏడు మనీలాలో అప్పులు తీర్చే దిక్కుండేది కాదు.

ఇంత అవసరమైన రాకపోకలకు రాజే కళ్లెం వేశాడు. చైనా పట్టు వల్ల తమ సరుకు అమ్ముడుపోవడం లేదని సెవిల్ వర్తకులు మొరపెట్టుకుంటే, 1593లో మనీలా నుంచి పోయే సరుకు రెండున్నర లక్షల పెసోలు, తిరిగొచ్చే వెండి ఐదు లక్షల పెసోలు దాటకూడదన్నాడు. మనీలా వర్తకులు లెక్కలు తగ్గించి రాసి, ఓడలు కిక్కిరిసేలా నింపారు.

స్పెయిన్‌కు రాసిన ఉత్తరానికి జవాబు రావాలంటే ఏళ్లు పట్టేది. ఈలోగా గవర్నరు చెప్పిందే శాసనం. అతన్ని అదుపులో పెట్టడానికి 1583లో 'ఆడియెన్సియా' అనే ఉన్నత న్యాయస్థానం పెట్టారు. పదవి దిగినవాడి మీద ఎవరైనా ఫిర్యాదు చేసుకునే విచారణా ఉండేది. మంచి ఏర్పాటే, కానీ అది అన్యాయం జరిగిపోయాక వచ్చేది. వార్తలు ఎంత ఆలస్యంగా చేరేవంటే, 1762లో మద్రాసు నుంచి బయలుదేరిన ఇంగ్లీషు నౌకాదళం మనీలాను పట్టుకునేనాటికి, ఇంగ్లండుతో యుద్ధం మొదలైందన్న అధికారిక సమాచారం కూడా అక్కడికి అందలేదు.

ఇక నువ్వు వదలకూడని సంగతి ఒకటుంది. ఆ ఓడలు కవితే రేవులో ఎక్కువగా తయారయ్యేవి. 16 నుంచి 60 ఏళ్ల స్థానిక మగవాళ్లు ఏటా 40 రోజులు వెట్టి చెయ్యాల్సి వచ్చేది. అడవిలో మానులు కొట్టి రేవుకు లాగేవాళ్లకు ఆ గడువు మాటలకే. 1649లో సమార్ దీవి మనుషుల్ని కూడా కవితేకు పంపమని హుకుం వచ్చింది. ఆ దీవిలోని పలపగ్‌లో సుమురోయ్ అనే అతను తిరగబడ్డాడు. తిరుగుబాటు ఇతర దీవులకూ పాకింది. నీ వ్యాసంలో రాజుల పేర్లు తగ్గినా ఫర్వాలేదు, పలపగ్ మాత్రం ఉండాలి.

ఇట్లు,
మీ పెదనాన్న