చేపలవేటలో ఇంజను నడుపవలెనా, ఆపవలెనా?

గద్వాల, వనపర్తి సీమల నడుమనున్న జూరాల జలాశయమునందును, నాగర్‌కర్నూలు జిల్లా సోమశిల కడ శ్రీశైలపు వెనుక నీటియందును సేద్యముతోపాటు చేపలవేటయు సాగించు సభ్యులు ఈ విషయమును గమనింతురు గాక.

శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నీటిలో సుమారు 1,500 మీటర్లు పోవును. బొచ్చె, రాగండి, వాలుగ జాతులకు గాలితిత్తినుండి చెవివరకు చిన్న యెముకల వరుస కలదు. కావున అవి మ్రోతను చక్కగా గ్రహించును. హెచ్చుచు తగ్గుచు నుండు మ్రోతకు మరింత బెదరును.

అందుచే వలవేయు చోటికి నూరు గజముల దూరముననే ఇంజనును ఆపి, తెడ్డుతో మెల్లగా చేరుట మేలని మా అభిప్రాయము. వల దింపునప్పుడును, తీయునప్పుడును ఇంజను తిరుగరాదు. త్రాడు పంకకు చుట్టుకొనినచో వల తెగును, పడవయు నిలిచిపోవును. ఆపియుంచిన చమురును మిగులును.

కాని నడినీట ఈదురుగాలి లేచినచో ఇంజనును ఆపరాదు. వలకు బెండు కట్టి విడిచి, వెంటనే ఒడ్డు చేరవలెను. వరదకాలమున జూరాల గేట్లు ఎత్తినప్పుడు ఇంజనును నమ్మి నీటిలోనికి పోనేరాదు. అది మొరాయించినచో పడవ గేట్లవైపు కొట్టుకొనిపోవును. ఒక దినపు వేటకై ప్రాణమును పణముగా నొడ్డవలదని సభ్యులకు మా మనవి.